తడి ఊక

నాచారం పారిశ్రామికవాడలో తండ్రీకూతుళ్ళు ఒకే ఫ్యాక్టరీకి వెళ్ళడం వింతేమీ కాదు. మొగిలయ్య, స్వర్ణలత మాత్రం ఒకే మంటకు పనిచేసేవారు.

మొగిలయ్య బాయిలర్ ఆపరేటర్. ఇరవై మూడేళ్ళ సర్వీసు. అందులో ఇరవై ఏళ్ళు నూనెతో మండే పాత బాయిలర్ దగ్గరే గడిచాయి. తర్వాత కంపెనీ దాన్ని తీసేసి వరి ఊకతో మండే కొత్త బాయిలర్ పెట్టింది. దాని ఆవిరి దారిలో ఒక చిన్న టర్బైన్‌ను తిప్పి కరెంటు ఇచ్చేది, ఆ తర్వాత మందులు తయారయ్యే రియాక్టర్లను వేడిచేసేది. స్వర్ణలత బీయస్సీ కెమిస్ట్రీ చదివి అదే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేరి రెండేళ్ళయింది. గేటు దగ్గరికొచ్చిన ప్రతి ఊక లారీ నుంచి నమూనా తీసి, తేమ ఎంతుందో చూసి, చీటీ రాసి సంతకం పెట్టడం ఆమె పని. తేమ నూటికి పద్నాలుగు దాటితే లారీ వెనక్కి పోవాలి.

"నూనె మంట చెప్పినట్టు ఇంటది," అనేవాడు మొగిలయ్య ఇంట్లో అన్నం తింటూ. "ఊక మంట గట్ల కాదు. జర అటిటు అయిందంటె అలుగుతది."

"నీ లెక్కనే," అనేది భార్య రాములమ్మ.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. బొగ్గు గనుల్లో పని ఆగేసరికి కరెంటు కోతలు పెరిగాయి. ఎక్కడికక్కడ రాస్తారోకోలు. చిలకానగర్‌లోని ఇంటి నుంచి తండ్రిని స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకొని స్వర్ణలతే ఫ్యాక్టరీకి తీసుకొచ్చేది. సమ్మె గెలవాలని ఇద్దరికీ ఉండేది. నాచారం చౌరస్తాలో వంటావార్పు జరుగుతుంటే మొగిలయ్య స్కూటీ ఆపించి రెండు ముద్దలు తిని మరీ డ్యూటీకి వచ్చేవాడు. కాని ఆ సమ్మె వల్లే ఊక లారీలు రోడ్ల మీద నిలిచిపోయాయి. ఫ్యాక్టరీ షెడ్డులో కొండలా ఉండే ఊక రోజురోజుకూ తరిగిపోయి, మూలల్లో సిమెంటు నేల కనిపించసాగింది.

ఆ గురువారం ఉదయం పదింటికి ఒక లారీ వచ్చింది. మిర్యాలగూడ మిల్లులో నింపుకొని బయల్దేరి, చౌటుప్పల్ దగ్గర రెండు రోజులు ఆగిపోయిన లారీ అది. ఆ రెండు రోజులూ వాన. పైన కప్పిన తాడిపత్రికి రెండు చోట్ల చిరుగులున్నాయి.

స్వర్ణలత ఇనప గొట్టం తీసుకొని లారీ ఎక్కింది. గొట్టాన్ని నడిమధ్య లోపలికి దించి ఊక తీసింది. ల్యాబ్‌కు తెచ్చి చిన్న పళ్ళెంలో పోసి మిషన్‌లో పెట్టింది. పైనున్న దీపం వేడికి ఊకలోని నీరు ఎగిరిపోయి, ఎంత పోయిందో ఎర్ర అంకెల్లో కనబడుతుంది. ఇరవై నాలుగు చూపించింది. ఇంకోసారి తీసింది. ఇరవై ఆరు పాయింట్ ఎనిమిది. మూడోసారి ఇరవై అయిదు.

ఆమె బాయిలర్, కరెంటు విభాగాల మేనేజరు ఉమామహేశ్వర్‌కు ఫోన్ చేసింది. ఆయన ఫోన్‌లో మాట్లాడకుండా తనే నడిచి వచ్చాడు. రెండు రోజులుగా ఇంటికి వెళ్ళలేదని ఆయన చొక్కా చూస్తేనే తెలుస్తోంది.

"వెనక్కి పంపాల్సిందే సార్," అంది స్వర్ణలత.

ఆయన మిషన్ మీది అంకెలు చూశాడు. కిటికీలోంచి పొగగొట్టాన్ని చూశాడు. "షెడ్డులో ఉన్నది మధ్యాహ్నం రెండింటి దాకా వస్తుందమ్మా. తర్వాత ఆవిరి లేదు, కరెంటు లేదు. జనరేటర్‌కి డీజిల్ కూడా నిన్ననే అయిపోయింది. మూడు రియాక్టర్లలో బ్యాచ్‌లున్నాయి. సగంలో చల్లారితే అన్నీ పారబోయడమే."

"ఇరవై అయిదుంది సార్."

"చూశాను." తలుపు దగ్గరికి వెళ్ళి ఆగాడు. "ఒకసారి మళ్ళీ చూడండి. ఒక్కోసారి తేడా వస్తుంది కదా."

అంతే అన్నాడు. వెళ్ళిపోయాడు.

స్వర్ణలత మళ్ళీ లారీ ఎక్కింది. ఈసారి గొట్టం వాడలేదు. క్యాబిన్ వెనక మూలలో, తాడిపత్రి బాగున్న చోట, పైపైన గుప్పెడు తీసుకుంది. అది పొడిగానే ఉంది. మిషన్ పదమూడు పాయింట్ ఆరు చూపించింది. ఆమె చీటీలో పదమూడు పాయింట్ ఆరు అని రాసింది. అబద్ధం రాయలేదు కదా, మిషన్ చూపించిందే రాశాను కదా అనుకుంటూ కింద సంతకం పెట్టింది.

లారీ లోపలికి పోయింది. డ్రైవరు కిందికి దూకి చేతులెత్తి దండం పెట్టాడు. "రెండు దినాలాయె మేడం, ఆ రోడ్డు మీదనే పండుకున్న." ఆమె తల ఊపి లోపలికి వచ్చేసింది.

కుర్చీలో కూర్చుంది. కూర్చోలేకపోయింది. నీళ్ళు తాగింది. పాత చీటీలు తీసి వరసగా పేర్చింది, మళ్ళీ కలిపేసింది. ల్యాబ్ కిటికీలోంచి పొగగొట్టం కనబడుతుంది. పొగ ఎప్పటిలా పలచగా, ఉందా లేదా అన్నట్టు పోతోంది. ఇంకా పాత ఊకే మండుతోంది. పదకొండున్నరకు ఏదో ఫైలు వంకతో బయటికి వచ్చి షెడ్డు దాకా నడిచింది. ట్రాక్టరు తొట్టితో కొత్త ఊకను పాత ఊక పక్కన పోస్తున్నారు. కిందపడ్డప్పుడు దుమ్ము లేవలేదు. మంచి ఊక పోస్తే మనిషి కనిపించనంత దుమ్ము లేస్తుంది.

అక్కణ్ణించి బాయిలర్ హౌస్‌లోకి వెళ్ళింది. మొగిలయ్య మెడలో తువ్వాలతో గేజీల ముందు నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏం బిడ్డా, అన్నం తిన్నవా?"

"ఇంకా లేదు నాయినా." ఫ్యాన్ల హోరులో గొంతు పెంచాల్సి వచ్చింది. "ఆ కొత్త లోడు…"

మొగిలయ్య ఆమె ముఖంలోకి చూసి, చూపు గేజీ మీదికి తిప్పుకున్నాడు.

"వచ్చింది కదా, సాలు. లేకుంటె రెండింటికి బంద్ వెట్టెటోల్లం. నువ్ వోయి తిను, మీ అమ్మ పచ్చిపులుసు వెట్టింది," అన్నాడు.

ఆమె తిరిగి వచ్చేసింది. టిఫిన్ డబ్బా విప్పి, మూత పెట్టి, మళ్ళీ విప్పింది. ఒంటిగంట అయింది. ఒంటిగంటన్నర. ఇప్పుడైనా పోయి చెప్పొచ్చు అనుకుంది. చెబితే చీటీ సంగతి కూడా చెప్పాలి. రెండింటికి కిటికీ దగ్గర నిలబడింది. రెండుంబావుకు పొగ తెల్లగా, చిక్కగా మారింది. నీళ్ళు చల్లిన పొయ్యిలోంచి వచ్చే పొగలా మెలికలు తిరుగుతూ కిందికి వాలుతోంది. ల్యాబ్‌లో ట్యూబులైట్లు ఒకసారి మసకబారాయి.

ఆమె చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తింది. మెట్లు దిగి, పైపుల కింద నుంచి వంగి, సగం దూరం పోయేసరికి బాయిలర్ హౌస్‌లోంచి ధడాలున చప్పుడైంది. పెద్ద పేలుడు కాదది. బరువైన తలుపును ఎవరో ఒక్క తన్నుతో మూసినట్టుంది. కిటికీల్లోంచి నల్లటి బూడిద బయటికి ఎగిసింది.

లోపల జరిగింది ఇది. తడి ఊక పొయ్యి మీది తొట్టిలో గడ్డకట్టి కిందికి జారలేదు. మంట మందగించింది, ఆవిరి ఒత్తిడి పడిపోతూ వచ్చింది. ప్రొడక్షన్ నుంచి ఫోన్ మీద ఫోన్. మొగిలయ్య, ఆయనతో పాటు పనిచేసే సాంబయ్య తొట్టిని సుత్తులతో కొట్టారు. కదల్లేదు. చివరికి మొగిలయ్య పొయ్యి పక్కనున్న చిన్న తలుపు తెరిచి ఇనప కడ్డీతో లోపల పొడిచాడు. గడ్డ ఒక్కసారిగా విరిగి మొత్తం ఊక పొయ్యిలో పడింది. క్షణంపాటు లోపలంతా చీకటైంది. తర్వాత పొగంతా ఒక్కసారి అంటుకొని ఆ తలుపులోంచి మంట బయటికి కొట్టింది.

స్వర్ణలత వెళ్ళేసరికి మొగిలయ్య నిలబడే ఉన్నాడు. కుడిచేయి చొక్కా భుజం దాకా కాలిపోయి చర్మానికి అంటుకుంది. ఎడమచేత్తో ఊక వచ్చే మోటారు బంద్ చేసి, నీటి మట్టం చూసే గాజు గొట్టం వైపు చూస్తున్నాడు.

"నీల్లున్నయ్. ఫికర్ లేదు," అన్నాడు సాంబయ్యతో. అప్పుడు గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చున్నాడు.

కుడిచేయి, మెడ, కుడి చెంప కాలాయి. కంటికి ఏమీ కాలేదు. ఈఎస్ఐ దవాఖానాలో డాక్టరు చేతికి చర్మం అతికించాలని, వేళ్ళు మునుపటిలా ముడుచుకోవడానికి చాలా కాలం పడుతుందని చెప్పాడు. రాములమ్మ ఏడవలేదు. ఇంటికి పోయి దుప్పటి, చెంబు, గ్లాసు తెచ్చుకొని వార్డులో మంచం పక్కన నేలమీద కుదురుకుంది. స్వర్ణలతే ఒకచోట నిలవలేకపోయింది. మందుల చీటీ పట్టుకొని కిందికి పోయేది, తెచ్చిచ్చి మళ్ళీ కిందికి పోయేది. ఎందుకు వచ్చిందో మరిచిపోయి మెట్ల మధ్యలో ఆగిపోయేది.

రెండో రోజు పొద్దున సాంబయ్య చూడటానికి వచ్చాడు. వరండాలో ఆమె పక్కన నిలబడి చాలాసేపు గోడను గోరుతో గీకుతూ ఉన్నాడు.

"ఒక మాట జెప్త, ఏమనుకోకు బిడ్డా. ఆ ఊక తడిదని అన్నకు ఎరుకనే."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"ట్రాక్టరు తొట్టి రాంగనే చెయ్యి వెట్టిండు. గుప్పిట్ల వట్టి ఒత్తిండు. చెయ్యి ఇడిస్తె ముద్ద ముద్దలెక్కనే ఉన్నది. వాపస్ పంపుదామన్న అని నేనే అన్న. చీటీ సూపెట్టుమన్నడు. సూపెట్టిన. నీ సంతకం సూసి జేబుల వెట్టుకున్నడు. వెయ్యి అన్నడు. గంతే."

సాంబయ్య వెళ్ళిపోయాక స్వర్ణలత వార్డులోకి వచ్చింది. రాములమ్మ భర్తకు చెంచాతో జావ తాగిస్తోంది. మొగిలయ్య చెంప మీది కట్టు వల్ల నోరు ఒక పక్కకే తెరుచుకుంటోంది.

"నాయినా, ఊక తడిదని నీకు ఎరుకనా?"

ఆయన జావ మింగాడు. "ఎవలు జెప్పిన్రు, సాంబయ్యనా?"

"ఎరుకై ఎందుకు వేయించినవ్?"

"నువ్వు రాసినవ్ గదా."

"నేను తప్పు రాసిన! నీకు తెల్వదా?" గొంతు పెరిగింది. పక్క మంచం వాళ్ళు చూశారు. "ఇరవై మూడేండ్లు చేసినవ్. చెయ్యి వెట్టి సూసినవ్. ఆపకపోతివి."

"ఆపితె?" అన్నాడు మొగిలయ్య మెల్లగా. "వాపస్ పంపితె నలుగురు అడుగుతరు. చీటీల పదమూడున్నది, మొగిలయ్య తడిదంటున్నడు, అండ్ల ఎవలిది అబద్ధం అని. నా నోటితోని నా బిడ్డ తప్పు రాసిందని చెప్పాల్నా? ఎట్లనో మండిపిస్త అనుకున్న. శానసార్లు మండిపిచ్చిన గట్లాంటిది."

స్వర్ణలతకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. తన మీదా, ఆయన మీదా. "నన్ను అడిగితె అయిపోతుండె. నేను వచ్చిన నీ దగ్గరికి. అన్నం తినుమన్నవ్."

"నువ్వు గూడ చెప్పకపోతివి," అన్నాడాయన.

రాములమ్మ చెంచా గిన్నెలో పడేసింది. "బాగున్నది. చెప్పుడు ఇజ్జత్ తక్కువని ఇద్దరికిద్దరు నోరు మూసుకున్నరు. మీ నడుమ ఈ చెయ్యి కాలింది." గిన్నె తీసుకొని కడగడానికి బయటికి పోయింది. చాలాసేపటిదాకా రాలేదు.

ఆ సాయంత్రం ఉమామహేశ్వర్ వచ్చాడు. చేతిలో దానిమ్మ పళ్ళ సంచి. వార్డు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. స్వర్ణలత ఎదురు వెళితే సంచి ఆమె చేతికిచ్చి, "సోమవారం ఎంక్వైరీ ఉందమ్మా. మొగిలయ్య తలుపు తెరవకుండా ఉండాల్సింది. రూల్స్‌లో ఉంది కదా," అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ ఆయన ఆమెను చూడలేదు. లోపలికి రాకుండానే మెట్లు దిగిపోయాడు.

ఆ మాట మొగిలయ్యకు చెబితే ఆయన తల ఊపాడు. "నిజమే గదా. తెర్సింది నేనే. నా మీదనే వేసుకుంట. నాకు సర్వీసు ఎంత మిగిలింది? నువ్వు ఏం మాట్లాడకు. నీ నౌకరి ఉండాలె."

"నీ మాట ఇనను," అంది స్వర్ణలత.

"స్వర్ణా."

"ఇనను నాయినా."

సోమవారం దాకా ఆమె ఇంట్లోనూ నిలవలేదు, దవాఖానాలోనూ నిలవలేదు. ఉప్పల్ దాకా స్కూటీ మీద పోయి, ఏ పనీ లేక తిరిగి వచ్చింది. నడుస్తూనే మాటలు కూర్చుకునేది. నాలుగు వాక్యాలు కుదిరాక అవన్నీ ఉమామహేశ్వర్ మీద నేరం మోపేవిగా ఉన్నాయని కనిపెట్టి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది.

ఎంక్వైరీ ట్రైనింగ్ హాల్లో జరిగింది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ముగ్గురు బల్లకు అటుపక్క కూర్చున్నారు. ఉమామహేశ్వర్ ఒక చివర ఉన్నాడు. మధ్యలో కూర్చున్న పెద్దాయన చీటీ చేతిలోకి తీసుకున్నాడు.

"పదమూడు పాయింట్ ఆరు. ఇది మీరు చూసిన రీడింగేనా?"

"అవును సార్. అది నాలుగోది. దానికి ముందు మూడు చూసిన. ఇరవై నాలుగు, ఇరవై ఆరు పాయింట్ ఎనిమిది, ఇరవై అయిదు."

ముగ్గురూ తలెత్తారు.

"మరి నాలుగోసారి తక్కువ ఎలా వచ్చింది?"

"మూలకు పైన పొడిగ ఉన్నకాడ తీసిన సార్."

పెద్దాయన ఉమామహేశ్వర్ వైపు చూశాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "మళ్ళీ చూడమని నేనే అన్నాను. కాని నమూనా ఎక్కణ్ణించి తీయాలో నేను చెప్పలేదు."

"చెప్పలేదు సార్," అంది స్వర్ణలత. "మీరు మళ్ళ చూడుమన్నరు. ఎక్కడ పొడిగ ఉంటదో నాకు తెలుసు."

ఉమామహేశ్వర్ పెన్ను మూత తీసి, పెట్టి, బల్ల మీద ఉంచాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "మూడు రీడింగులూ నాకు చూపించింది సార్. వెనక్కి పంపాలని కూడా చెప్పింది. అది నేను మీకిచ్చిన నోట్‌లో రాయలేదు. ఇప్పుడు రాసుకోండి," అన్నాడు.

రిపోర్టు రావడానికి నెల పట్టింది. తలుపు తెరవడం ఆపరేటరు పొరపాటేనని, కాని ప్రమాదానికి కారణం తడి ఇంధనమని అందులో రాశారు. స్వర్ణలతకు మెమో ఇచ్చి ఆరు నెలల పాటు స్టోర్స్‌లో వేశారు. ఉమామహేశ్వర్‌ను ఇంకో యూనిట్‌కు మార్చారు. వెళ్ళేరోజు ఆయన స్టోర్స్ దాకా వచ్చి, ఏదో చెప్పబోయి, "నాన్నగారిని అడిగానని చెప్పండి," అని మాత్రం అన్నాడు. ఇకమీదట ప్రతి లారీ నుంచి మూడు చోట్ల నమూనా తీయాలని, చీటీ మీద ల్యాబ్ మనిషితో పాటు బాయిలర్ ఆపరేటరు కూడా సంతకం పెట్టాలని నోటీసు బోర్డులో కాగితం అంటించారు. స్వర్ణలత దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, ఎవరైనా చూస్తున్నారేమోనని పక్కకు తప్పుకుంది.

సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి. తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు మాత్రం చాలా రోజులు పొడిపొడిగానే సాగాయి. ఆమె కట్టు మార్చేది, ఆయన చేయి చాచేవాడు. డాక్టరు చెప్పినట్టు రబ్బరు బంతి పిసుకుతూ గుమ్మంలో కూర్చునేవాడు. బంతి జారిపడితే ఆమె తెచ్చి ఇచ్చేది.

డిసెంబరు చివర మొగిలయ్య డ్యూటీకి వచ్చాడు. సాంబయ్య, మిగతా వాళ్ళు చుట్టూ చేరి వీపు తట్టారు. ఎవరో టీ తెప్పించారు. ఆ రోజంతా ఆయన ఎలా ఉన్నాడో స్టోర్స్‌లో ఉన్న స్వర్ణలతకు తెలియలేదు. సాయంత్రం ఆయన ఎప్పటిలా స్కూటీ ఎక్కి వెనక కూర్చున్నాడు. నాచారం చౌరస్తా దాటి కొంతదూరం పోయాక భుజం తట్టాడు.

"జర పక్కకు ఆపు."

ఆమె ఒక పంక్చరు షాపు ముందు ఆపింది. ఆయన దిగి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. లారీలు, షేర్ ఆటోలు, షిఫ్టు దిగిన వాళ్ళ మోటారుసైకిళ్ళు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.

"పొయ్యి అద్దంల నుంచి మంట సూద్దామని వోయిన," అన్నాడు. "దగ్గరికి వోంగనే కాళ్ళు ఎనకకొచ్చినయ్. నేను తీసుకోలే, అవ్వే వచ్చినయ్. మల్ల వోయిన. మల్ల గట్లనే. సాంబయ్య సూసిండు. సూడనట్టు అటు తిరిగిండు."

స్వర్ణలత హ్యాండిల్ పట్టుకొని అలాగే కూర్చుంది. ఆయన నోట భయం అన్న మాట ఆమె ఎన్నడూ వినలేదు. ఇప్పుడూ ఆయన ఆ మాట అనలేదు.

"నా వల్లనే నాయినా," అంది.

"నీ ఒక్కదాని వల్ల కాదు. ఆ ముచ్చట ఇడిశిపెట్టు." ఆయన కుడిచేయి పైకెత్తి, పూర్తిగా ముడుచుకోని వేళ్ళను చూసుకున్నాడు. "నీళ్ళ ప్లాంటుల మనిషి కావాలంటున్నరు. అడుగుదామనుకుంటున్న. ఆడ మంట లేదు. పంపులు, ట్యాంకులు, గంతే."

"ఉంటవా అక్కడ?"

"తెల్వది. సూడాలె."

"రేపు నేను కొత్త మేనేజర్ సార్‌కు చెప్పాల్నా?"

"నువ్ చెప్పకు. నేనే చెప్త," అన్నాడు మొగిలయ్య. తర్వాత కొంచెం ఆగి, "నువ్ పక్కన నిలబడు. సాలు," అన్నాడు.

మరునాడు ఇద్దరూ కలిసి వెళ్ళి కొత్త మేనేజరును అడిగారు. జనవరి నుంచి మొగిలయ్యను నీళ్ళ ప్లాంటుకు మార్చారు. మొదటివారం ఆయన అక్కడి కుర్చీలో పది నిమిషాలు కూడా కూర్చోలేదు. ట్యాంకుల చుట్టూ తిరుగుతూ, ఉన్న వాల్వులన్నీ తుడుస్తూ, షిఫ్టు అయ్యేలోపు నాలుగుసార్లు గేటు దాకా వచ్చి వెళ్ళేవాడు. స్వర్ణలత మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకొని అక్కడికే వెళ్ళేది. పంపుల గది గట్టు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చొని తినేవారు. తింటున్నంతసేపైనా ఆయన కూర్చుంటాడని ఆమెకు తెలుసు.